ఆ ఒక్క ప్రశ్న అడగనివ్వండి

సెప్టెంబరులో ఓ రాత్రి, పదకొండు దాటాక మా అమ్మాయి హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. "అమ్మా, నావల్ల కాదు. బ్రాంచి మార్పించమని నాన్నతో చెప్పు."

బీటెక్ కంప్యూటర్స్‌లో చేరి అప్పటికి ఆరు వారాలే. ఇంటర్లో లెక్కలంటే భయపడిన పిల్ల కాదు. ఏమైందే అంటే ఒకటే ఏడుపు. చివరికి చెప్పింది. సి లాంగ్వేజి క్లాసులో బోర్డు మీద "ఐ = ఐ + 1" అని రాశారట. "ఒక అంకె తనకంటే ఒకటి ఎక్కువున్న అంకెకి సమానం ఎలా అవుతుందమ్మా? అందరూ తలూపుతున్నారు. నేనొక్కదాన్నే మొద్దులా కూర్చున్నా."

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న నాదే.

చెప్పులు విప్పి వెళ్లే గది

1996లో నేను బీకాం చదువుతున్నాను. మా ఊళ్లో కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటర్లో సి నేర్పుతారంటే నాన్న 1,500 రూపాయలు అప్పు చేసి చేర్పించారు. చెప్పులు బయట విప్పి, ఏసీ గదిలోకి గుడిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. మూడో వారంలో ఇదే లైను బోర్డు మీద చూసి లేచి అడిగాను. "లెక్కలు రానివాళ్లకి ఇది రాదమ్మా" అన్నారు మాష్టారు. క్లాసంతా నవ్వింది.

మర్నాటి నుంచి మళ్లీ వెళ్లలేదు. నాన్నకి మాత్రం వెళ్తున్నట్టే చెప్పాను. ఆ గంటా లైబ్రరీలో కూర్చుని వచ్చేదాన్ని. నాన్న పోయారు. ఆయనకి ఆ సంగతి చెప్పనేలేదు.

బియ్యం డబ్బా పాఠం

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే మా వీధిలో ఉండే రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరరు గారింటికి వెళ్లి అడిగాను. ఆవిడ నవ్వలేదు. "మంచి ప్రశ్నమ్మా. లెక్కల్లో అయితే అది తప్పే. ఇక్కడ ఆ గుర్తుకి అర్థం సమానం అని కాదు, పెట్టు అని" అన్నారు.

వంటింట్లో బియ్యం డబ్బా ఉంది అనుకోండి. పేరు ఐ. అందులో నాలుగు సోలలున్నాయి. "ఐ = ఐ + 1" అంటే డబ్బాలో ఎంతుందో చూసి, దానికి ఒకటి కలిపి, వచ్చింది మళ్లీ అదే డబ్బాలో పెట్టమని. కుడివైపు పని ముందు, ఎడమవైపు డబ్బాలోకి తర్వాత. ఇప్పుడు డబ్బాలో ఐదు. అంతే! ఇరవై ఏళ్ల పైబడి మోసిన బరువు రెండు నిమిషాల్లో దిగింది.

ఆవిడే ఇంకో సంగతి చెప్పారు. చదువుకునేవాళ్ల కోసమని నిక్లాస్ వర్త్ 1970లో తెచ్చిన పాస్కల్ భాషలో ఈ తికమక ఉండదట. "పెట్టు" అనడానికి సమానం గుర్తు ముందు రెండు చుక్కలు వేస్తారు. సి అలా పుట్టలేదు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దాన్ని యూనిక్స్ సిస్టమ్ రాయడానికి తయారుచేశారు. పని తెలిసినవాళ్ల చేతి పనిముట్టు అది. అందులో "పెట్టు"కి ఒక సమానం, "సమానమా?" అని అడగడానికి రెండు సమానాలు. రెండోది మర్చిపోయినా కంప్యూటర్ చాలాసార్లు ఊరుకుంటుంది, ఫలితం మాత్రం తప్పుతుంది. పిల్లలు తడబడటంలో వింతేముంది?

ముగ్గులో ఉంది కిటుకు

సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేసి డబ్బా సంగతి చెప్పాను. నా పాత కథ కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నువ్వూ అక్కడే ఆగిపోయావా అమ్మా?" అంది.

తర్వాతి వారం ల్యాబ్‌లో నక్షత్రాలతో త్రిభుజం గీయమన్నారట. "మన ముగ్గే కదే! 7 చుక్కలు, 1 వచ్చేదాకా. వరుసలు లెక్కపెట్టేది ఒక లూపు, ఆ వరుసలో చుక్కలు పెట్టేది దాని లోపలి లూపు. వరుసకో చుక్క తగ్గించుకుంటూ పోవడమే" అన్నాను. గంటలో "వచ్చింది" అని మెసేజి పెట్టింది.

లోపం ఎవరిది?

క్లాసులో తలూపినవాళ్లలో చాలామంది స్కూల్లోనే పైథాన్ నేర్చుకుని వచ్చినవాళ్లట. మా అమ్మాయికి ఇంటర్లో ఆ సబ్జెక్టే లేదు. ముందే వచ్చినవాళ్లనీ, అప్పుడే మొదలెట్టినవాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెడితే కొత్తవాళ్లకి తామే తెలివితక్కువవాళ్లమనిపిస్తుంది.

అమెరికాలో కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ 2006 ప్రాంతంలో ఈ చిక్కునే సరిచేసింది. మొదటి కోర్సులో జావా బదులు పైథాన్ పెట్టి, అనుభవం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ వేరువేరు క్లాసులు నడిపింది. అమ్మాయిల్ని మహిళా కంప్యూటర్ నిపుణుల సమావేశాలకి తీసుకెళ్లింది. అక్కడ కంప్యూటర్ సైన్స్ ఎంచుకునేవాళ్లలో పదిశాతం దగ్గరున్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే నలభై శాతం దాకా వచ్చారు. అమ్మాయిల బుర్రలు మారలేదు, చెప్పే పద్ధతి మారింది. 1945లో ఎనియాక్ యంత్రానికి ప్రోగ్రాములు రాయడానికి ఎంచుకున్న ఆరుగురూ ఆడవాళ్లేనని మా మాష్టారికి ఎవరూ చెప్పినట్టు లేదు!

అమ్మలకు నా మాట

మీ అమ్మాయి "నాకు రాదు" అంటే వెంటనే బ్రాంచి మార్పించకండి. ఏ లైను దగ్గర ఆగిందో అడగండి. స్క్రీను నిండా తప్పులు చూపిస్తే బెదిరిపోకుండా మొదటిదొక్కటే సరిచేసి మళ్లీ నడపమనండి. ఒక్క సెమికోలన్ మర్చిపోయినా దాని వెనకాల ఎన్నో తప్పులు వరుస కడతాయి. ప్రోగ్రాము బట్టీ పట్టనివ్వకండి. కాగితం మీద డబ్బాలు గీసి, ఒక్కో లైనుకీ దేంట్లో ఎంతుందో రాసుకోమనండి. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు స్వయం పోర్టల్‌లో ఉచితంగా చూడొచ్చు, పరీక్ష రాస్తేనే ఫీజు.

మా అమ్మాయికి మొదటి మిడ్‌లో ముప్ఫైకి పదమూడు వచ్చాయి. రెండోదాంట్లో ఇరవై రెండు. బ్రాంచి మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక నేనా? మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక రోజూ ఓ గంట ఆ పాఠాలు చూస్తున్నాను. ఈసారి మూడో వారం దాటాను.