కనబడేది ఒకటి, రన్ అయ్యేది ఇంకొకటి

కోడ్ రివ్యూ అంటే మనం చేసేది ఏంటి? పుల్ రిక్వెస్ట్ తెరుస్తాం, కళ్లతో చదువుతాం, అప్రూవ్ కొడతాం. ఆ కళ్లనే మోసం చేసే దాడి ఒకటుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ 2021 నవంబరులో దాన్ని బయటపెట్టారు. పేరు ‘ట్రోజన్ సోర్స్’.

హైదరాబాద్ బోర్డుల మీద ఉర్దూ చూసే ఉంటారు, కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అదే లైన్లో ఇంగ్లిష్ కూడా వస్తే ఏది ఎటు నడవాలో చెప్పడానికి యూనికోడ్‌లో 9 కంట్రోల్ క్యారెక్టర్లు ఉన్నాయి. ఇవి స్క్రీన్ మీద కనబడవు, అక్షరాలు కనబడే వరుసని మాత్రం మార్చేస్తాయి. కంపైలర్‌కి ఆ వరుసతో పని లేదు. ఫైల్లో బైట్లు ఏ క్రమంలో ఉంటే అలాగే చదువుకుంటుంది.

ఉదాహరణకి, పైథాన్‌లో లైబ్రరీ ఫైన్ వసూలు చేసే ఫంక్షన్ ఉందనుకోండి. మొదటి లైన్ డాక్‌స్ట్రింగ్. దాని చివర ఇలాంటి క్యారెక్టర్ ఒకటి పెట్టి, కోట్స్ మూసి, సెమీకోలన్ తర్వాత ‘రిటర్న్’ రాస్తే చాలు. ఎడిటర్లో ఆ ‘రిటర్న్’ కోట్స్ లోపలికి జరిగి, వివరణలో ఒక మాటలా కనిపిస్తుంది. పైథాన్‌కి మాత్రం అది నిజం రిటర్నే. ఫంక్షన్ అక్కడే ఆగిపోతుంది, ఫైన్ ఎవరికీ పడదు. ఎర్రర్ కూడా రాదు!

ఇంకో రకం కవల అక్షరాలు. ఇంగ్లిష్ ‘ఎ’, రష్యన్ ‘ఎ’ చూడ్డానికి అచ్చం ఒకటే, కోడ్ పాయింట్లు వేరు. ఒకే పేరులా కనబడే రెండు ఫంక్షన్లు పెట్టొచ్చు.

‘అయితే కనబడని క్యారెక్టర్లన్నీ బ్యాన్ చేసేద్దాం’ అంటారు కొందరు. నాకు ఇది అస్సలు నచ్చదు. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా రావాలంటే ‘ట్’ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉండాలి. అదీ కనబడదు. తీసేస్తే ‘వ’ కిందికెళ్లి వత్తు అయిపోతుంది. మన యాప్‌లో తెలుగు మెసేజ్‌లన్నీ పాడవుతాయి.

ఆపాల్సింది ఆ 9 క్యారెక్టర్లనే. కామెంట్లలో, స్ట్రింగుల్లో అవి కనిపిస్తే రస్ట్ 1.56.1 నుంచి డిఫాల్ట్‌గా ఎర్రర్ ఇస్తుంది. జీసీసీ 12 వార్నింగ్ ఇస్తుంది, గిట్‌హబ్ ఫైల్ పైన హెచ్చరిక చూపిస్తుంది. పైథాన్ వాడేవాళ్లు ప్రీ-కమిట్ హుక్‌లో ఆ 9 కోడ్ పాయింట్లని వెతికే చిన్న స్క్రిప్ట్ పెట్టుకోవచ్చు, పది లైన్లు కూడా అవ్వదు. వేరియబుల్, ఫంక్షన్ పేర్లలో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ తప్ప ఇంకేం వచ్చినా ఆపమని అందులోనే ఇంకో రూల్ రాస్తే కవలలూ దొరికిపోతాయి.