అస్గరీ కథకు ఉత్తరభాగం

కథ కంచికి వెళ్ళిందని చెప్పినంత మాత్రాన శ్రోత ఇంటికి వెళ్ళడు. ముఖ్యంగా అది ఒక స్త్రీ కథ అయినప్పుడు, పెళ్ళిపందిట్లోనో పట్టాభిషేకంలోనో దానిని ముగించిన కవిని పాఠకలోకం అంత సులభంగా విడిచిపెట్టదు. "తరువాత ఆమె ఏమయింది?" అని అడుగుతుంది. శ్రీరామ పట్టాభిషేకంతో తృప్తి చెందని తెలుగువారికి పదమూడవ శతాబ్దిలో తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని, పద్దెనిమిదవ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణాన్ని అందించారు. 1963లో విడుదలైన 'లవకుశ' చిత్రం చూడడానికి పల్లెజనం బండ్లు కట్టుకొని వెళ్ళిన ముచ్చట మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అక్కడ ప్రజలు వెదుక్కొన్నది రాముని రాజ్యాన్ని కాదు, సీత గతిని. ఇక మన ఆడవారు కవుల కోసం ఎదురుచూడనే లేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' పాటలో, కావ్యం పట్టించుకోని కోడలి కథను తామే అల్లి తామే పాడుకొన్నారు.

ఉర్దూ సాహిత్యంలో ఈ ఆసక్తికి చక్కని నిదర్శనం డిప్యూటీ నజీర్ అహ్మద్ నవల 'మిరాతుల్ ఉరూస్'. వధువు అద్దం అని ఆ పేరుకు అర్థం. ఢిల్లీ కళాశాలలో చదివి విద్యాశాఖలో ఉద్యోగించిన ఈయన, ఆడపిల్లలు చదువదగిన పుస్తకం కానరాక, తన ఇంటి పిల్లల కోసం ఈ కథ వ్రాయడం మొదలుపెట్టారు. 1869లో అచ్చయిన ఈ గ్రంథానికి నాటి వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వం వెయ్యి రూపాయలు బహూకరించి, రెండువేల ప్రతులు కొన్నది. తరువాతి కాలంలో, 1877లో, ఆయన హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు గనుక మన ప్రాంతానికి పూర్తిగా పరాయివారు కారు.

ఇతివృత్తం సులభమైనది. ఢిల్లీ నగరంలో అక్బరీ, అస్గరీ అనే అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములిద్దరిని వివాహమాడి ఒకే ఇంటి కోడళ్ళవుతారు. పెద్దది మొండి. వేరు కాపురం పెట్టించి, హజ్ యాత్ర చేసివచ్చినదానిలా నటించిన ఒక మాయలాడి మాటలకు లోనై నగలు పోగొట్టుకొంటుంది. చిన్నది బుద్ధిమంతురాలు. అత్తవారింట ఏళ్ళ తరబడి దొంగలెక్కలతో అప్పులు పెంచిన అజ్మత్ అనే వంటమనిషి గుట్టును ఒక్కొక్క పద్దుగా బయటపెడుతుంది. భర్తను ఉద్యోగానికి పురికొల్పుతుంది. చివరకు తన ఇంటిలోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. జీతం పుచ్చుకోదు. ఇందులో కత్తి యుద్ధం లేదు, విరహం లేదు. అయినా అజ్మత్ పట్టుబడే ఘట్టం నేటి అపరాధ పరిశోధక నవలలకు ఏమాత్రమూ తీసిపోదని నా అభిప్రాయం.

పూర్వపు దాస్తానులలో పెళ్ళితో కథ ముగిసేది. ఇక్కడ అసలు కథ పెళ్ళి తరువాతనే ప్రారంభమైంది. ఇంటి పద్దులు, అత్తగారి అలక, వంటింటి దొంగతనం కథావస్తువు కావచ్చునని గ్రహించిన స్త్రీలు సహజంగానే ఇంకా వినగోరారు.

ఆ కోరికకు జవాబుగా 1872లో ఉత్తరభాగం 'బనాతున్నాష్' వెలువడింది. అరబ్బులు సప్తర్షి మండలాన్ని ఈ పేరుతో పిలుస్తారు. నాలుగు నక్షత్రాలు శవపేటిక, మిగిలిన మూడు దాని వెంట నడిచే కుమార్తెలు అని వారి భావన. (మనవారు ఏడుగురు ఋషులను చూచి, వసిష్ఠుని ప్రక్కన చిన్న చుక్కగా అరుంధతిని మాత్రమే ఉంచారు.) ఇందులో హుస్న్ ఆరా అనే శ్రీమంతుల గారాబు బిడ్డ అస్గరీ బడిలో చేరి మారిపోతుంది. భూమి గుండ్రమని, వాయువుకు బరువున్నదని, దేశదేశాల సంగతులని పాఠాలు సాగుతాయి. మొదటి భాగం గృహనిర్వహణకు, రెండవది విజ్ఞానానికి అని గ్రంథకర్తే విభజించుకొన్నారు. ఆడపిల్లకు భూగోళం, ప్రకృతిశాస్త్రం చెప్పాలన్న తలంపు ఆనాటికి సాహసమే. కాని పాఠకులకు మొదటిదానిపై ఉన్న ప్రీతి దీనిపై కలుగలేదు. కారణం స్పష్టం. వారు అస్గరీని అడిగారు; ఆయన పాఠ్యపుస్తకాన్ని ఇచ్చారు. కథను నడిపిన ఇల్లాలు ఇక్కడ బల్ల ముందు కూర్చున్న పంతులమ్మ అయిపోయింది.

విచిత్రమేమంటే సరిగ్గా ఆ రోజులలోనే అమెరికాలో ఇటువంటిదే జరిగింది. లూయిసా మే ఆల్కాట్ నలుగురు అక్కచెల్లెళ్ళ కథ 'లిటిల్ విమెన్' 1868లో ప్రకటించగా, జో ఎవరిని పెళ్ళాడుతుందో చెప్పమని బాలికలు ఉత్తరాలు వ్రాశారు. 1869లో వచ్చిన రెండవ భాగంలో రచయిత్రి వారు కోరిన పొరుగింటి యువకుని కాక, ఒక ఆచార్యుని తెచ్చి జోకు ముడిపెట్టింది. ఆ అలక నేటికీ తీరలేదు. అయితే ఆమె పాఠకులతో తగవులాడిందే గాని పాత్రను విడిచిపెట్టలేదు. అందుకే ఆ రెండు భాగాలు కలిసి ఒకే నవలగా నిలిచాయి.

అస్గరీపై మమకారం కూడా చావలేదు. 2012లో పాకిస్తాన్ టెలివిజన్‌లో అదే పేరుతో వచ్చిన ధారావాహికలో రచయిత్రి ఉమేరా అహ్మద్, ఆ అక్కచెల్లెళ్ళ మనుమరాళ్ళ కాపురాలను చిత్రించింది. నూట నలభై ఏళ్ళ తరువాత కూడా "తరువాత ఏమయింది?" అన్న ప్రశ్నకు ప్రేక్షకులు దొరికారు!

కాని నా దృష్టిలో నిజమైన ఉత్తరభాగం వ్రాసింది పాట్నాకు చెందిన రషీదున్నిసా. నజీర్ అహ్మద్ నవల చదివి, ఆ స్ఫూర్తితో, ఆమె 1881లో 'ఇస్లాహున్నిసా' వ్రాసింది. ఉర్దూలో స్త్రీ వ్రాసిన తొలి నవలగా దానిని పరిగణిస్తారు. జనానాలోని ఆచారాలు, మూఢనమ్మకాలు, పెళ్ళిళ్ళ దుబారా మౌల్వీగారి కంటె ఆమెకే బాగా తెలుసు గదా! ఆ వ్రాతప్రతి పదమూడేళ్ళు పెట్టెలో ఉండి, కుమారుడు ఇంగ్లాండులో బారిష్టరు చదివి వచ్చిన తరువాత 1894లో అచ్చుకెక్కింది. అప్పుడైనా పుస్తకంపై ఆమె పేరు లేదు. ఫలానావారి కుమార్తె, ఫలానావారి సోదరి, ఫలానావారి తల్లి అని మాత్రమే ఉన్నది. తరువాత ఆమె పాట్నాలో బాలికలకు బడి నెలకొల్పింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఇంట దక్కనీ మాట్లాడి బడిలో తెలుగు లిపి మాత్రమే నేర్చిన ముస్లిం విద్యార్థినులు ఎందరో ఉన్నారు. అస్గరీ మాటలు వింటే వారికి చాలవరకు అర్థమవుతాయి. పుస్తకం తెరిస్తే ఒక్క అక్షరం తెలియదు. కనుక పాలకసంఘం వారు ఈ మూడు గ్రంథాలను మన గ్రంథాలయానికి తెప్పించవలసిందిగా ప్రార్థన. ఉర్దూ శాఖ విద్యార్థిని ఒకతె పైకి చదువుతూ ఉంటే, తెలుగు శాఖ విద్యార్థిని వ్రాసుకొంటుంది. అజ్మత్ లెక్కలు తేలే ఘట్టంతో మొదలుపెడితే వచ్చే సంచికకు ఒక ప్రకరణమైనా సిద్ధం కాగలదు.