పరిశోధన ఫలితాలు – పత్రికా ప్రచారం: విలేఖరులతో పనిచేసే పద్ధతి

వ్యాససంగ్రహం: తెలుగులో వెలువడే పరిశోధనలు చాలావరకు సిద్ధాంతగ్రంథాలుగా గ్రంథాలయాల్లోనే నిలిచిపోతున్నాయి. వాటిని సామాన్యపాఠకుల వద్దకు చేర్చగల మార్గాల్లో దినపత్రికల వార్తాపుటలు ముఖ్యమైనవి. ఖర్చు లేని ఈ ప్రచారం ఎట్లా లభిస్తుందో, అందుకు పరిశోధకుడు వహించవలసిన జాగ్రత్తలేమిటో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వార్త, ప్రెస్ నోట్, విలేఖరి, జిల్లా అనుబంధం, కలమళ్ల శాసనం, చెల్లింపు వార్తలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘ప్రకటన’ అనే పదం రెండు అర్థాల్లో వాడుకలో ఉంది. డబ్బు చెల్లించి పత్రికలో స్థలం కొనుక్కోవడం ఒకటి, సమాచారాన్ని పత్రికలకు విడుదల చేయడం మరొకటి. ఈ వ్యాసంలో మొదటిదానిని ‘ప్రకటన’ అనీ, రెండవదానిని ‘ప్రెస్ నోట్’ అనీ వ్యవహరిస్తాను. ప్రకటనలో ప్రతి అక్షరం చెల్లించినవారి అధీనంలో ఉంటుంది. ప్రెస్ నోట్ ఆధారంగా వచ్చే వార్తలో ఏది ఉంచాలో, ఏది తీసివేయాలో పత్రిక నిర్ణయిస్తుంది. పాఠకుడు వార్తను ప్రకటనకన్న ఎక్కువగా నమ్మడానికి కారణం ఈ స్వతంత్రనిర్ణయమే. కనుక ఉచితప్రచారం పూర్తిగా ఉచితం కాదు. వాక్యంపై అధికారాన్ని వదులుకోవడమే దాని మూల్యం.

2. ప్రెస్ నోట్ – తొలిదశ:

అమెరికాలో 1906 అక్టోబరు 28న అట్లాంటిక్ సిటీ వద్ద ఒక రైలు వంతెనపై నుండి నీటిలో పడి 50 మందికి పైగా మరణించారు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ పక్షాన ఐవీ లీ ఆ ప్రమాద వివరాలను తానే రాసి పత్రికలకు అందజేశారు. ఆధునిక ప్రెస్ నోట్‌కు దీనిని తొలి ఉదాహరణగా పేర్కొంటారు. అదే సంవత్సరం ఆయన సంపాదకులకు పంపిన సూత్రపత్రంలో, తాము పంపే సమాచారం ప్రకటనల విభాగానికి చెందవలసినదని తోస్తే దానిని వాడవద్దని స్పష్టం చేశారు. సమాచారం ఇచ్చేవారికి, ప్రచురించేవారికి మధ్య ఉండవలసిన హద్దు ఆనాడే గుర్తింపు పొందింది.

3. జిల్లా పుటలు – వార్తకు కావలసినది:

1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలను ప్రారంభించిన తరువాత తెలుగు దినపత్రికల్లో స్థానికవార్తలకు చోటు విస్తరించింది. మండలస్థాయి విలేఖరి తన ప్రాంతంలో జరిగినదానికోసం ప్రతిదినం వెదుకుతూ ఉంటాడు. పరిశోధకుడు మొదట కలవవలసినది అతనినే.

అయితే విలేఖరికి కావలసినది విషయం మాత్రమే కాదు, సంఘటన కావాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వెళ్లిన స్త్రీలు సారాయి దుకాణాన్ని ఎదిరించిన ఉదంతం ఇందుకు నిదర్శనం. మద్యపానం వల్ల కుటుంబాలు నష్టపోతున్నాయన్నది అందరికీ తెలిసిన విషయమే. ఒక ఊరు, కొందరు స్త్రీలు, ఒక నిర్ణయం కలిసినప్పుడు అది వార్త అయింది. 1992లో ‘ఈనాడు’ ఆ ఉద్యమానికి విస్తృతంగా చోటిచ్చింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాయి నిషేధం అమలులోకి వచ్చింది. ఉద్యమాన్ని నడిపినది స్త్రీలే. పత్రిక దానిని జిల్లా సరిహద్దులు దాటించింది.

పరిశోధకుడు కూడా ‘నా అంశం గొప్పది’ అని చెప్పడానికి బదులు, ‘ఈ ఊరిలో ఇది లభించింది, దీనివల్ల ఇంతవరకు అనుకున్నది ఇట్లా మారుతుంది’ అని చెప్పగలగాలి.

4. ప్రెస్ నోట్ రచన:

సిద్ధాంతగ్రంథంలో నిర్ణయం చివర వస్తుంది. వార్తలో అది మొదటి వాక్యంలోనే రావాలి. స్థలాభావం ఏర్పడితే ఉపసంపాదకుడు సాధారణంగా చివరి పేరాల నుండి కోత మొదలుపెడతాడు. అందువల్ల ఈ క్రింది అంశాలు పాటించదగినవి:

• ఒక పుట మించకూడదు. ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అన్నవి మొదటి పేరాలోనే ఉండాలి.
• పారిభాషికపదాలు తప్పనిసరి అయితే, వాటి అర్థం అదే వాక్యంలో చెప్పాలి.
• ఛాయాచిత్రంతోపాటు అందులో ఉన్నదేమిటో తెలిపే వివరణ పంపాలి.
• పాఠాన్ని యూనికోడ్‌లో పంపితే ఫాంటు మార్పిడిలో అక్షరాలు చెడిపోయే ప్రమాదం తగ్గుతుంది.
• సందేహం వస్తే విలేఖరి అడగడానికి ఫోన్ నంబరు ఇచ్చి, ఆ సాయంకాలం అందుబాటులో ఉండాలి.

5. విశేషణం జారిపోతే:

శీర్షికలో మాటలు తగ్గేకొద్దీ పరిమితిని తెలిపే విశేషణాలు జారిపోతాయి. అమరావతి ప్రాకృతశాసనంలో కనిపించే ‘నాగబు’ తెలుగుపదమని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు. క్రీ.శ. ఆరవ శతాబ్దినాటి కలమళ్ల శాసనం పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనాల్లో ఒకటిగా పరిగణింపబడుతున్నది. మొదటిది ఒక పదం, రెండవది వాక్యరచన. ఈ భేదం చెప్పకుండా ‘తొలి తెలుగు శాసనం’ అని శీర్షిక పెడితే రెండూ పరస్పరవిరుద్ధాలుగా కనిపిస్తాయి. నష్టపోయేది పరిశోధకుని పేరు మాత్రమే కాదు. ఆ వార్తను చదివిన విద్యార్థి అవగాహన కూడా.

ప్రచురణకు ముందు వార్తను చూపించాలని విలేఖరిని శాసించే హక్కు పరిశోధకునికి లేదు. సంవత్సరాలు, పేర్లు, అంకెలు సరిచూసుకోమని కోరడం మాత్రం సమంజసం. తన ఫలితానికి గల పరిమితిని విడి వాక్యంగా కాక, మొదటి వాక్యంలోనే భాగంగా రాయడం మరింత క్షేమకరం.

6. సమయపాలన:

1969లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’ సంపాదకులు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్, అప్పటికే వేరేచోట ప్రచురితమైన ఫలితాలను తమ పత్రిక స్వీకరించదనే నియమాన్ని ప్రకటించారు. అన్ని పత్రికలకూ ఈ నియమం లేకపోవచ్చు. కాని సమీక్షకులు చూడని ఫలితం ముందుగా వార్తగా వెలువడితే, తరువాత దానిని సవరించుకోవడం కష్టం. సమీక్ష ముందు, ప్రచారం తరువాత అన్న క్రమమే ఉచితం.

7. నైతికపరిమితి:

2009 ఎన్నికల సందర్భంలో చెల్లింపు వార్తల అంశం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమించిన ఉపసంఘంలో పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్ రెడ్డి సభ్యులు. డబ్బు తీసుకొని, ఆ సంగతి దాచి, ప్రకటనను వార్తగా అచ్చువేయడం పాఠకుని మోసగించడమే. విద్యాసంస్థలకూ ఇది వర్తిస్తుంది. ప్రకటన ఇస్తామని ఆశపెట్టి వార్త వేయించుకున్ననాడు, వార్తకు విలువనిచ్చిన స్వతంత్రనిర్ణయమే పోతుంది.

8. ముగింపు:

విలేఖరి పరిశోధకునికి ప్రచారకుడు కాడు. పాఠకుని పక్షాన ప్రశ్నించేవాడు. ఆ ప్రశ్నలకు సరళంగా, ఆధారసహితంగా సమాధానం చెప్పగలగడం పరిశోధనకు కూడా ఒక పరీక్ష. మొదటి వాక్యంలో చెప్పలేని ఫలితాన్ని మరొకసారి పరిశీలించుకోవలసి ఉంటుంది. ఈ అభ్యాసం పీహెచ్.డి. దశలోనే ప్రారంభమైతే, తెలుగు పరిశోధనకు విశ్వవిద్యాలయం వెలుపల కూడా పాఠకులు ఏర్పడతారు.