భూమి ఏ స్వరం పాడుతుంది?

గ్రహాలు పాడతాయని పూర్వం ఎందుకనుకున్నారు? పాడితే ఆ పాట ఏమిటో తెలుసుకునేదెలా?

అంతరిక్షంలో గాలి లేదు కాబట్టి చప్పుడూ వినపడదు. అయినా గ్రీకు తత్వవేత్త పైథాగరస్ శిష్యులు ఆకాశంలో సంగీతం ఉందనే నమ్మారు. ఆ నమ్మకానికి మూలం తీగ. వీణ తీగను సరిగ్గా సగంలో నొక్కి మీటితే పై షడ్జం పలుకుతుంది. మూడింట రెండు వంతుల పొడవు మీటితే పంచమం. ఇంపుగా వినపడే స్వరాల వెనక 1:2, 2:3 లాంటి చిన్న చిన్న నిష్పత్తులున్నాయి. తీగను నడిపే లెక్క ఆకాశాన్ని మాత్రం ఎందుకు నడపదు అన్నది వాళ్ల వాదన.

రెండు వేల ఏళ్ల తర్వాత ఆ మాట పట్టుకుని కూర్చుని లెక్క కట్టినవాడు జర్మన్ ఖగోళవేత్త యొహానెస్ కెప్లర్. గ్రహాలు తిరిగేది గుండ్రటి దారిలో కాదనీ, సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగం పుంజుకుని దూరమైనప్పుడు నెమ్మదిస్తాయనీ కనిపెట్టిందీ ఆయనే. గ్రహాల దూరాల్లో స్వరాలు వెతికాడు, కుదరలేదు. పరిభ్రమణ కాలాల్లో వెతికాడు, అక్కడా దొరకలేదు. చివరికి ఊహలో సూర్యుడి మీదికి వెళ్లి కూర్చున్నాడు. అక్కణ్నుంచి చూస్తే ఒక్కో గ్రహం రోజుకి ఎంత కోణం జరుగుతుంది? బాగా వేగంగా వెళ్లే రోజునీ, బాగా నెమ్మదిగా వెళ్లే రోజునీ తీసుకుని పక్కపక్కన పెట్టాడు.

శనికి 4:5 వచ్చింది. మన లెక్కలో షడ్జం నుంచి అంతర గాంధారం దాకా. కుజుడికి 2:3, అంటే స నుంచి ప. బుధుడి దారి మిగతా గ్రహాలకన్నా ఎక్కువ సాగిన దీర్ఘవృత్తం కాబట్టి అతని పాట ఒక స్థాయి దాటిపోయింది. శుక్రుడిది దాదాపు వృత్తమే. అందుకే ఒక్క స్వరాన్నే పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది.

మరి భూమి? జనవరి మొదటి వారంలో మనం సూర్యుడికి దగ్గరగా ఉంటాం. అప్పుడు భూమి రోజుకి సుమారు 61 కోణీయ నిమిషాలు జరుగుతుంది. జులైలో అయితే 57. ఈ రెంటి నిష్పత్తి ఇంచుమించు 16:15. షడ్జానికీ శుద్ధ రిషభానికీ మధ్య ఉన్న ఎడం ఇదే. కెప్లర్‌కి మన రాగాలు తెలియవు గానీ, సంగీతం క్లాసులో చేరిన పిల్లలు మాయామాళవగౌళలో సరళీ వరుసలు మొదలుపెడుతూ పలికే తొలి రెండు స్వరాలే ఆయన లెక్క ప్రకారం ఏడాది పొడుగునా భూమి పాడే పాట.

ఇది ప్రకృతి నియమమా అంటే, కాదు. భూకక్ష్య ఆకారం వేల ఏళ్లలో మారుతూ ఉంటుంది, దాంతో ఆ స్వరమూ జరిగిపోతుంది. కానీ ఈ పిచ్చి వెతుకులాటలోనే 1618 మే 15న కెప్లర్‌కి అసలు నిధి దొరికింది. గ్రహం ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలపు వర్గం, సూర్యుడి నుంచి దాని సగటు దూరపు ఘనానికి అనుపాతంలో ఉంటుందన్న మూడో సూత్రం అది. న్యూటన్ గురుత్వాకర్షణకి చేరిన దారిలో ఇదొక మెట్టు. సంగీతం కోసం లెక్కలు వేసిన ‘హార్మోనీకెస్ ముండీ’ అనే ఆ పుస్తకంలోనే, 1619లో, అది అచ్చయింది. ఆకాశం సంగీతానికి ఎంత ఇచ్చిందని అందరూ అడుగుతారు. సంగీతం ఖగోళశాస్త్రానికి ఇచ్చిన ఈ బహుమతే నాకు పెద్దదిగా కనిపిస్తుంది.

వాగ్గేయకారులు మాత్రం లెక్కల జోలికి పెద్దగా పోలేదు, గ్రహాల స్వభావాన్ని పట్టుకున్నారు. ముత్తుస్వామి దీక్షితులు ఆదివారం నుంచి శనివారం దాకా ఏడు వారాల గ్రహాలకు ఏడు కృతులు కట్టి, ధ్రువ నుంచి ఏక దాకా సూళాది సప్త తాళాలను వరసగా వాటికి పంచారు. ఇంగ్లండ్‌లో గుస్తావ్ హోల్‌స్ట్ 1914-17 మధ్య రాసిన ‘ద ప్లానెట్స్’కి కూడా ప్రేరణ జ్యోతిషమే. అందుకే అందులో ఏడు గ్రహాలుంటాయి, భూమి ఉండదు.

కెప్లర్ తన సంగీతం చెవికి కాదు, బుద్ధికి అన్నాడు. దాన్ని చెవికి చేర్చింది అమెరికన్ స్వరకర్త లారీ స్పీగెల్. కెప్లర్ లెక్కల్ని ఆమె కంప్యూటర్‌తో పలికించింది. నిజం చెప్పాలంటే అది వినసొంపుగా ఉండదు, సైరన్లు ఒకదానిమీద ఒకటి మోగుతున్నట్టు ఉంటుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు పూత రికార్డులో దానికి చోటిచ్చారు. అదే రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు ఒకటి. రెండు నౌకలూ ఇప్పుడు సౌరగాలి హద్దు దాటి వెళ్తున్నాయి. స్పీగెల్ పలికించిన ఆ సంగీతమూ, తెలుగు పలకరింపూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, ఓసారి విని చూడండి.