యాప్ పెట్టిన మూడో రోజే ఆ మెయిల్ ఎందుకు వస్తుంది?

ప్లే స్టోర్‌లో మొదటి యాప్ పెట్టినవాళ్లు, పెట్టబోతున్నవాళ్లు ఈ ఎపిసోడ్ చివరిదాకా చూడండి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే చిన్న యాప్ ఒకటి చేశాను. 25 డాలర్లు కట్టి అకౌంట్ తీసుకున్నా. యాప్ లైవ్ అయి మూడు రోజులు కాలేదు, మెయిల్! "సర్, మీ యాప్ అద్భుతం. వెయ్యి డౌన్‌లోడ్లు, యాభై ఫైవ్ స్టార్ రివ్యూలు ఇప్పిస్తాం." అప్పటికి ఆ యాప్ వాడేది నేను, మా నాన్న, మా బాబాయ్. అద్భుతం అని ఎవరు చూసి చెప్పారో మరి.

మన ఐడీ వాళ్లకెలా దొరికింది? హ్యాకింగ్ ఏమీ లేదు. ప్లే స్టోర్‌లో ప్రతి యాప్ పేజీలో డెవలపర్ మెయిల్ అందరికీ కనపడుతుంది. వాటిని ప్రోగ్రామ్‌తో ఏరుకుని, యాప్ పేరొక్కటి మార్చి అందరికీ అదే మెయిల్ కొడతారు. అందుకే కాంటాక్ట్‌కి వేరే మెయిల్ పెట్టండి. లాగిన్ మెయిల్ అక్కడ ఇవ్వొద్దు.

సరే, కొన్నాం అనుకోండి. టిక్కీలో పైన తేజ కాయలు, అడుగున తాలు కాయలు ఉంటే యార్డులో ఎంతసేపు దాగుతుంది? ఇదీ అంతే. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు మళ్లీ యాప్ తెరవరు, తీసేస్తారు. ఆ లెక్కంతా గూగుల్ దగ్గర ఉంటుంది. డబ్బిచ్చి కొన్న రేటింగ్, డౌన్‌లోడ్ రెండూ పాలసీకి విరుద్ధం. యాప్ పోవచ్చు.

ఇంకో రకం టెస్టర్లు. 2023 నవంబర్ 13 తర్వాత తీసుకున్న పర్సనల్ అకౌంట్ అయితే, యాప్ విడుదలకు ముందు 20 మంది వరసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలని గూగుల్ రూల్ పెట్టింది. 2024 డిసెంబర్‌లో 12కి తగ్గించింది. రూల్ వచ్చిందో లేదో, టెస్టర్లను అమ్మే వాట్సాప్ గ్రూపులూ వచ్చేశాయి. పన్నెండు మంది కోసం డబ్బులెందుకండీ? బీటెక్ క్లాసులో ఒక బెంచీ వరస చాలదూ?

అసలు భయపడాల్సింది మూడోదానికి. "మీ కన్సోల్ అకౌంట్ అద్దెకివ్వండి, నెలనెలా డబ్బులిస్తాం" అని వస్తుంది. వాళ్లకి సొంత అకౌంట్ ఉండదా? ఉండే ఉంటుంది, గూగుల్ మూసేసి ఉంటుంది. అందుకే మన పేరు కావాలి. ఐడీ కార్డు చూపించి వెరిఫై చేయించుకున్నది మనం కాబట్టి, వాళ్లు అందులో మోసపు లోన్ యాప్ పెట్టినా రికార్డుల్లో ఉండేది మన పేరే.

చిలకలూరిపేట వైపు నాకు తెలిసిన తమ్ముడొకడు ఇలాగే ఇచ్చాడు. మొదటి నెల డబ్బులొచ్చాయి. రెండో నెల అకౌంట్ టెర్మినేట్ అయింది. దాంతోపాటు వాడు ఏడాది కష్టపడి పత్తి రైతుల కోసం చేసిన యాప్ కూడా పోయింది. అద్దెకు తీసుకున్నవాడు ఫోన్ ఎత్తలేదు. ఏం చేయాలో తెలియక వాళ్లన్నయ్య కార్డుతో, అదే ల్యాప్‌టాప్‌లో ఇంకో అకౌంట్ తెరిచాడు. టెర్మినేట్ అయిన అకౌంట్‌తో సంబంధం ఉందని తెలిస్తే గూగుల్ కొత్తదాన్నీ మూసేస్తుంది. అదీ పోయింది. ఇప్పుడు ఆ ఇంట్లో ఇద్దరి పేర్ల మీదా అకౌంట్ లేదు.