ఏటి యొడ్డున పండుగ, ఏటిపై సాహసము

విజయదశమి సాయంకాలమున బెజవాడలో దసరా ముగియును. అదే దినమున హిమాలయ ప్రాంతమందలి కులూ పట్టణమున దసరా ఆరంభమగును. రెండు పట్టణములును నదీతీరముననే యున్నవి. మనది కృష్ణ; వారిది బియాస్. పురాణములలో ఈ నదికి విపాశ యని పేరు. పూర్వము ఈ రెండు చోట్లకును పండుగ చూచుటకే జనులు వచ్చెడివారు. ఇప్పుడు నీటిపైనను, గాలిలోను, కొండలమీదను విహరింపగోరి వచ్చు యాత్రికులును వేలకొలది యున్నారు. మన విద్యార్థులలో ననేకులు సెలవులలో ఇట్టి యాత్రలకు పోవుచున్నారు గనుక, ఆ యుత్సవములను గూర్చియు, ఆ క్రీడలను గూర్చియు, వానికి వలసిన కట్టుబాట్లను గూర్చియు తెలిసికొనుట అందరకును మేలు.

కులూ దసరా 17వ శతాబ్దమున ఆ ప్రాంతము నేలిన జగత్సింగు రాజు కాలమున ఏర్పడెనని చెప్పుదురు. ఆ రాజు అయోధ్యనుండి రఘునాథ విగ్రహమును తెప్పించి, రాజ్యమును దానికి సమర్పించి, తాను సేవకునివలె పాలించెనట. విజయదశమినాడు ఢాల్‌పూర్ మైదానమున రఘునాథుని రథమును జనులు త్రాళ్లతో లాగుదురు. అది మొదలు ఏడు దినములు ఉత్సవము సాగును. చుట్టుపట్ల లోయలలోని గ్రామదేవతలను పల్లకీలలో నుంచి, కొండదారుల వెంట మోసికొని వత్తురు. ఇన్నూటికి మించిన పల్లకీలు చేరుట కలదు. అచ్చట రావణుని బొమ్మను కాల్చు నాచారము లేదు. కడపటి దినమున బియాస్ యొడ్డున కంపలు పోగువేసి కాల్చి, దానినే లంకాదహనముగా నెంచుదురు.

ఆ లోయలోనే సాహసక్రీడలును పేరుపొందినవి. వానిలో మొదటిది గాలి నింపిన రబ్బరు పడవలో వడిగల ఏటిపై దిగువకు పోవుట. ఆరేడుగురు తెడ్లు పట్టి కూర్చుందురు. వెనుక నున్న సరంగు ఆజ్ఞాపించినట్లు ఒక్కసారిగా తెడ్డు వేయవలెను. నీటివడిని లోకమందంతటను ఆరు తరగతులుగా విభజించియున్నారు. ఒకటవ తరగతి పిల్లకాలువవలె నెమ్మదిగా నుండును. ఆరవది నిపుణులకును ప్రాణాపాయకరము. రెండవ క్రీడ గుడ్డరెక్కతో గాలిలో తేలుట. ఎండకు వేడెక్కిన గాలి కొండవాలునుండి పైకి లేచును. ఆ గాలిని పట్టుకొని రెక్క ఎగురును. కాంగ్డా జిల్లాలోని బీర్–బిల్లింగ్ ఈ క్రీడకు ప్రసిద్ధము. అచ్చట 2015లో ప్రపంచ కప్పు పోటీ జరిగెను. మూడవది పర్వతారోహణము. టెన్సింగు, హిల్లరీ 1953 మే 29వ తేదీన ఎవరెస్టు నెక్కిన మరుసటి యేడే డార్జిలింగులో పర్వతారోహణ శిక్షణాలయము వెలసెను. 1961లో మనాలిలోను, 1965లో ఉత్తరకాశిలోను అట్టి శిక్షణాలయములే నెలకొల్పబడెను. కొండ యెక్కుటకు ధైర్యము చాలదనియు, గురువు కావలెననియు అప్పుడే గుర్తించిరి.

హిమాచల ప్రదేశమున మరియొక మంచి నియమము గలదు. ఏటేట జూలై 15 మొదలు సెప్టెంబరు 15 వరకు ఏటిపై రబ్బరు పడవలను, గాలిలో గుడ్డరెక్కలను నిషేధింతురు. అది వర్షకాలము, ఏరు పొంగును, గాలి నిలకడగా నుండదు. ఆ రెండు నెలలును యాత్రికుడు ధనమిత్తునన్నను క్రీడ లేదు.

ఇక మన యూరికి వత్తము. ఇంద్రకీలాద్రిపై శరన్నవరాత్రులు ముగిసిన విజయదశమి సాయంకాలమున, దుర్గామల్లేశ్వరుల యుత్సవమూర్తులను దీపాలంకృతమైన హంసవాహనమున నుంచి, దుర్గాఘాట్ నుండి కృష్ణలో మూడుమార్లు త్రిప్పుదురు. ఇదియే తెప్పోత్సవము. దీనిని చూచుటకు ప్రకాశం బ్యారేజీపైనను, ఘట్టములమీదను వేలకొలది జనులు నిలుతురు. ఎగువనున్న భవానీ ద్వీపమునకు సంవత్సరమున అధికభాగము విహారపడవలు నడచుచుండును.

ఐతే 2020వ సంవత్సరము దసరానాడు కృష్ణలో వరద యుండెను. గేట్లు ఎత్తియుండగా నీరు వడిగా దిగువకు లాగుచుండెను. అందుచేత హంసను ఒడ్డుననే కట్టియుంచి పూజ జరిపిరి, నదిలో త్రిప్పలేదు. భక్తులు సంవత్సరమంతయు ఎదురుచూచిన వేడుక అది. అయినను నది ఒప్పుకొనలేదు గనుక పండుగ తగ్గి నడచినది. ఇందువలన ఆ యుత్సవమునకు లోపమేమియు కలుగలేదు.

నది యొప్పుకొనకుండుట యనగా నేమో కొంచెము వివరింతును. బెజవాడవద్ద మొదటి ఆనకట్ట 1855లో పూర్తియయ్యెను. 1952లో దానికి గండిపడిన పిమ్మట, దానికి బదులుగా 70 గేట్లు గల ఇప్పటి బ్యారేజీ కట్టబడి, 1957లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేర వెలసెను. గేట్లు మూసియున్నప్పుడు ఎగువనీరు చెరువువలె నిశ్చలముగా కనబడును. గేట్లు ఎత్తగానే ఆ నీరే ఏరగును. పడవను గేట్లవైపు ఈడ్చును. దిగువ నిసుకతిన్నెలపై నున్నవారికి కొలదికాలములోనే చుట్టును నీరు చేరును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఈ బ్యారేజీ గుండ సెకనుకు 11 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు పోయెను. కట్లు తెగిన పెద్ద పడవలు ఆ వడికి కొట్టుకొనివచ్చి గేట్ల బరువుదిమ్మెలను దెబ్బతీసినవి. అంతలేసి పడవలను అట్లాడించిన నీటియెదుట మనుష్యుని బలమెంత?

కొండయేటి సంగతి మరింత కఠినము. మంచు కరిగి వచ్చిన నీరగుటచే అది మిక్కిలి చల్లన. ఈత వచ్చినవాని కాలుసేతులును అందులో శీఘ్రముగా మొద్దుబారును. పైగా ఎగువ జలవిద్యుత్ కేంద్రముల ఆనకట్టలున్నవి. ఎండ కాయుచున్న దినమున, వానచినుకు లేకయే, ఏరు నిమిషములలో పెరుగగలదు. మన కాలువలలో ఈదినవారు ఈ భేదమును తెలిసికొనవలెను.

2014వ సంవత్సరమున పదునాలుగు దినముల యెడమున జరిగిన రెండు సంగతులు తెలుగువారు మరువరానివి. మే 25వ తేదీన సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులైన మాలావత్ పూర్ణయు, సాధనపల్లి ఆనందకుమారును ఎవరెస్టు శిఖరమున నిలిచిరి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బిడ్డయైన పూర్ణకు అప్పటికి 13 ఏండ్ల 11 నెలలు. అంతవరకు ఆ శిఖరమెక్కిన బాలికలలో ఆమెయే అందరికంటె చిన్నది. అయితే వారు ఒక్కనాట ఎక్కలేదు. మొదట భువనగిరి కోట యున్న ఏకశిలపై త్రాడు పట్టుట నేర్చిరి. పిమ్మట డార్జిలింగులోను, గడ్డకట్టు చలిలో లడఖ్‌లోను నెలల తరబడి సాధన చేసిరి. ముడి వేయుట, శ్వాస నిలుపుకొనుట, గురువు దిగుమన్నప్పుడు దిగుట, ఇవన్నియు నేర్చిన పిదపనే వారిని పంపిరి.

జూను 8వ తేదీన హైదరాబాదునుండి విహారయాత్రకు పోయిన ఇంజనీరింగు విద్యార్థులు మండీ జిల్లా తలౌట్ వద్ద బియాస్ నదిలోని బండలపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. ఎగువ లార్జీ జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్టనుండి నీరు విడువబడెను. 24 మంది విద్యార్థులును, యాత్ర నడుపువారిలో నొకరును ఆ ప్రవాహమున కొట్టుకొనిపోయిరి. ఆ బిడ్డలు ఏ సాహసమును చేయబోలేదు. తగిన హెచ్చరిక వారికందలేదు. ఇది వారి దోషమని యెవరును పలుకరాదు. ఎవరెస్టుపై ప్రతి యడుగునకును కాపుదల యుండెను; ఈ బండలపై కాపుదల లేకపోయెను. భేదమంతయు అందే యున్నది.

మన కృష్ణలోను ఇట్టి దుఃఖము కలిగినది. 2017 నవంబరు 12వ తేదీ, కార్తికమాసపు ఆదివారము. ఇబ్రహీంపట్నము ఫెర్రీ చెంత, పట్టిసీమనుండి వచ్చు గోదావరి నీరు కృష్ణలో కలియు పవిత్రసంగమమున, హారతి చూడబోవు యాత్రికుల పడవ బోల్తాపడెను. ఇరువదిమందికి మించి మరణించిరి. వారిలో ననేకులు ఒంగోలు ప్రాంతమువారు. ఆ పడవకు అనుమతి లేదు. మోయదగినంత మందికంటె ఎక్కువమంది ఎక్కియుండిరి. లైఫ్ జాకెట్లు లేవు. నాడు నదిలో వరద లేదు. కట్టుబాటు లేకపోవుటయే అపాయమాయెను.

సాహసమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. వెనుదీయక పూనుకొనుట యొకటి. ముందు వెనుక చూడక దుముకుట రెండవది. మొదటిది నేర్పదగిన గుణము, రెండవది మాన్పదగినది. యువకులను కొండలకును నదులకును పోవలదనుట మా యభిప్రాయము కాదు. ఇంటనే కూర్చున్నవానికి లోకము తెలియదు. త్రాడు పట్టి బండ నెక్కినవానికి తన బలమును, తన మితమును రెండును తెలియును. కావున తల్లిదండ్రులును ఉపాధ్యాయులును బిడ్డలను ఆపుటకంటె, అడుగవలసిన ప్రశ్నలను వారికి నేర్పుట మంచిది.

ఆ ప్రశ్నలు నాలుగు. ఈ పడవకు గాని, ఈ క్రీడను నడుపువానికి గాని అనుమతి యున్నదా? ఎక్కినవారందరకును లైఫ్ జాకెట్లున్నవా, అవి సరిగా బిగించి కట్టుకొన్నారా? ఎగువ ఆనకట్ట యున్నదా, నీరు విడుచు సమయమును తెలుపువారెవరు? వద్దన్నచో మాని వెనుకకు మరలుటకు మన జట్టు సమ్మతించునా? కడపటి ప్రశ్నయే అన్నిటికంటె కష్టము. ఏలయన రూకలు చెల్లించి, దూరము వచ్చి, స్నేహితులు నవ్వుదురని వెరచి, తెలిసియు అపాయమునకు లోబడువారే యెక్కువ.

ఈ నాలుగింటికిని సరియైన ఉత్తరము దొరకినచో ధైర్యముగా తెడ్డు పట్టవచ్చును. దొరకనిచో ఒడ్డుననే నిలిచి నదిని చూచి రావలెను. అందు సిగ్గుపడవలసినది లేదు. వరదనాడు హంసవాహనమును రేవు దాటలేదు గదా!