అన్నం మానేస్తే షుగరు తగ్గుతుందా?

షుగరు ఉందని తేలిన మర్నాటి నుంచే మన ఇళ్లలో రాత్రి వంట మారిపోతుంది. అన్నం గిన్నె పక్కకు జరిగి చపాతీ పెనం పొయ్యెక్కుతుంది. మూణ్నెల్లకు మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె పెద్దగా కదలదు. ‘రాత్రిపూట అన్నం ముట్టుకోవడమే లేదు కదండీ’ అని డాక్టరు దగ్గర వాపోతారు.

అపోహ: చపాతీతో షుగరు పెరగదు.

గోధుమలో ఉన్నదీ పిండిపదార్థమే. 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో అది సుమారు 20 గ్రాములు. అంటే రెండు చపాతీలు దాదాపు ఓ కప్పు అన్నంతో సమానం. పొట్టు తీయని గోధుమపిండిలో పీచు ఎక్కువ కాబట్టి చక్కెర రక్తంలోకి కాస్త నెమ్మదిగా చేరుతుంది, ఆ మేలు నిజమే. కానీ నూనె వేసి కాల్చిన చపాతీలు నాలుగు, పక్కన బంగాళాదుంప కూర అయితే ఆ మేలు మిగలదు. రాగిజావ సంగతీ అంతే. మెత్తగా మరపట్టించిన పిండిని పలచగా కాచి తాగితే ఇట్టే అరిగిపోతుంది.

అసలు చిక్కు కొలతలో ఉంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం కేలరీల్లో ధాన్యాల వాటా, చిరుధాన్యాలతో కలిపి, 45 శాతం దాటకూడదు. మనకేమో కంచం నిండా అన్నం, కలుపుకోవడానికి సరిపడా కూర. పప్పు, కూర పెంచి అన్నం ఓ కప్పుకు తగ్గించుకోగలిగితే దాన్ని పూర్తిగా మానే పనిలేదు.

అపోహ: బెల్లం, సైంధవ లవణం ఎంతైనా వాడొచ్చు.

బెల్లం టీ బోర్డు ఇప్పుడు ప్రతి సెంటర్లోనూ కనిపిస్తోంది. బెల్లంలోనూ అధికభాగం సుక్రోజే, పంచదారలో ఉన్నదే. ఖనిజాలు కొన్ని ఉన్నా టీలో వేసే చెంచాడుతో ఒంటికి చేరేది నామమాత్రం. సున్నుండలో రుచి కోసం బెల్లం వేసుకోండి, మందనుకుని మాత్రం కాదు.

సైంధవ లవణం కూడా ప్రధానంగా సోడియం క్లోరైడే. బీపీకి కావలసింది ఉప్పు రకం మార్చడం కాదు, తగ్గించడం. పైగా దానిలో సాధారణంగా అయోడిన్ కలపరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా. కూరలో ఉప్పు తగ్గించామనేవాళ్లు పెరుగన్నంలోకి ఆవకాయ, పప్పులోకి అప్పడం, ఊరమిరపకాయ లెక్కలో వేయరు. ఆవకాయ మానమనే ధైర్యం నాకు లేదు. ఆవకాయ వేసుకున్న పూట అప్పడం వద్దని మాత్రం చెప్పగలను.

అపోహ: బీట్‌రూట్ తింటే రక్తం పడుతుంది.

ఆ ఎరుపుకు, రక్తంలోని ఎరుపుకు చుట్టరికం లేదు. 100 గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము లోపే. తోటకూరలో దానికి కొన్ని రెట్లుంటుంది. అయితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడం అంత సులువు కాదు. ఓ నిమ్మచెక్క పిండుకుంటే విటమిన్ సి వల్ల బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే అందులోని టానిన్లు అడ్డుపడతాయి. అందుకే భోజనానికి గంట ముందు, గంట తర్వాత వాటిని దూరం పెట్టమంటారు.

‘కొలెస్ట్రాల్ లేని నూనె’ అని ప్యాకెట్ మీద చూసి మురిసిపోనక్కర్లేదు. వేరుసెనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, ఏ గింజ నూనెలోనూ అది ఉండదు. గ్రాముకు 9 కేలరీలు మాత్రం అన్నిటిలోనూ ఉంటాయి.

అపోహ: పదివేల అడుగులు నడవకపోతే దండగ.

ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఓ పరికరానికి ‘పదివేల అడుగుల మీటరు’ అనే అర్థంతో పేరు పెట్టి అమ్మారు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. అంతకంటే తక్కువ నడకతోనే మేలు మొదలవుతుంది. రాత్రి భోంచేశాక మేడ మీద పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగినా రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తినగానే కదలకూడదన్న పెద్దల మాట పరుగులకూ బరువులెత్తడానికీ సరిపోతుంది, ఈ నెమ్మది నడకకు కాదు.